లేన్ మీద నూనె

“దొంగలప్పా మీరు! నా కూతురు ఆడే లేన్ మీద కడవల కొద్దీ నూనె పోసి, మీ పాప లేన్‌ని పొడిగా పెట్టుకున్నారే, సిగ్గుండొద్దా మీకు?”

మునిశేఖర్ అరుపుకి మాల్‌లోని బౌలింగ్ హాలంతా ఇటు తిరిగింది. ఆయన తిరుపతి బస్టాండు ముందర ఆటో స్టాండుకి పెద్ద. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు.

కూతురు రాజశ్రీ పక్కనే నిలబడి ఉంది. రాష్ట్ర జట్టులో మిగిలింది ఒక్క చోటు. దాని కోసమే ఈ ఆఖరి ఆట, ఆమెకీ శ్రీవేదకీ. సగం ఆటకే శ్రీవేద చానా ముందుకి పోయింది. రాజశ్రీకి ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. మత్తు సూది వేసినాక పన్ను పీకుతా ఉంటే ఎట్లుంటుందో అట్లుంది. ఎవరిదో నోరు, ఎవరిదో పన్ను.

ఆమె బంతికి ఒక నడక ఉంది. బంతి దొర్లే చెక్కబాట, అంటే లేన్, మొదట్లో ఎప్పుడూ పూసి ఉండే నూనె మీద జారుతుంది. చివర పొడి తగలగానే పట్టు దొరికి, గిర్రున ఎడమకి తిరిగి పిన్నుల నడుమ దూరుతుంది. ఆ మలుపు కోసం ఏండ్ల తరబడి వేళ్లు కాయలు కాయించుకుంది. ఈ పొద్దు బంతి తిరగడమే లేదు. గీత గీసినట్టు నేరుగా పోయి, అంచున ఒకటో రెండో పిన్నుల్ని పడేసి వెనక గుంటలోకి దొర్లిపోతోంది.

పోటీ నడిపించే పద్మనాభ్ వచ్చినాడు. శ్రీవేదకి చిన్నాయన. ఆ చుట్టరికమే మునిశేఖర్‌కి ముందు నుంచీ కంట్లో నలుసు.

“అన్నా, లేన్లకి నూనె పూసేది మెషీను. రెండింటికీ ఒకే తీరు. పాపకి ఈ పొద్దు చెయ్యి కుదర్లేదు. ఆటలో నేర్పు కావల్ల గానీ, లేన్‌ని తిడితే ఏమొస్తాది?”

“నేర్పు లేదా? నా కూతురికా?” మునిశేఖర్ రాజశ్రీ భుజం మీద తువ్వాలు గుంజి పైకెత్తి పట్టుకున్నాడు. “సూడండబ్బా! బంతి తుడిచీ తుడిచీ ఎట్లయిందో సూడండి! పిండితే దోసెలు కాల్చుకోవచ్చు!”

జనం నవ్వినారు. కానీ తువ్వాలు నిజంగానే జిడ్డు ఓడుతోంది. రాజశ్రీ ఎంత తుడిచినా బంతి మీద మళ్లీ మళ్లీ నూనె తేలుతోంది. ఆమె కూడా లేన్ మీదే అనుమానపడింది. తిరుమల కొండ మీద గుండ్లు కొట్టించుకుని నేరుగా ఇక్కడికే వచ్చిన కుటుంబం ఒకటి ఆట కోసం కాచుకుని ఉంది. అందులో పెద్దాయన నెత్తి మీద గంధం తడుముకుంటా, “ఆయప్ప చెప్పేది నిజమే మాదిరి ఉండాదే” అన్నాడు.

అంతే. “లేన్లు మార్చల్ల! న్యాయం కావల్ల!” అని మునిశేఖర్ అందుకున్నాడు. వెంట వచ్చిన ఆటోవాళ్లు వంత పాడినారు.

“మార్చుకుందాం చిన్నాయనా, నాకేం” అని శ్రీవేద తన బంతి తీసుకుని ఇటొచ్చింది.

మునిశేఖర్ కూతురి బంతిని పసిబిడ్డని ఎత్తినట్టు రెండు చేతుల్తో ఎత్తి ఇచ్చినాడు. వేళ్లు పెట్టే బొక్కల పక్కన కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. “పొద్దన్నే ఆటోతో పాటు దీన్నీ అలిపిరికి ఎత్తుకుపోయినా. టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించినా. ఆటోకి ఏమేం చేస్తానో దీనికీ అన్నీ చేసినా. సూడు, అద్దం మాదిరి మెరుస్తా ఉండాది. స్వామి చూసుకుంటాడు. వెయ్ పాపా.”

రాజశ్రీ వేసింది. బంతి నేరుగా పోయింది.

శ్రీవేద ఆ ‘కడవల కొద్దీ నూనె పోసిన’ లేన్ మీద వేసింది. బంతి జారింది, చివర తిరిగింది. పిన్నులన్నీ కూలినాయి.

మళ్లీ వేసినారు. మళ్లీ అదే. రాజశ్రీ చెయ్యి వేస్తోంది, కాలు వంగుతోంది, కన్ను చూస్తోంది. లోపల మాత్రం ఎవరూ లేరు. తెర మీద శ్రీవేద పేరు వెలిగింది. అయిపోయింది.

“ఈ లేన్‌కీ పోసినారు!” మునిశేఖర్ అన్నాడు. ఈసారి ఎవరూ వంత పాడలేదు. గుండ్ల పెద్దాయన ఫోన్ చూసుకుంటున్నాడు.

“అన్నా, వదిలెయ్. పాప పరువన్నా చూడు” అన్నాడు పద్మనాభ్.

“వదిలేదే లేదు!” మునిశేఖర్ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. “నూనె పూసినోడు ఎవుడో వాడు ఇప్పుడే, ఈడే, అందరి ముందరా నిలబడి ఒప్పుకోవల్ల. అంతవరకూ నేను లేచేది లేదు. ఆ పాప పేరు జట్టులోకి పోయేది లేదు!”

తర్వాత గొంతు తగ్గించి, తువ్వాలు కూతురికి అందించినాడు. “మొగం తుడుచుకో పాపా. చెమట్లు కారతా ఉండాయి. నీ తప్పేం లేదు, నాకు తెలుసు.”

రాజశ్రీ మొగం తుడుచుకోబోయి ఆగింది. తువ్వాలు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. బంతి ఎత్తి దాన్నీ వాసన చూసింది. ఆమె మొగంలో ఏమీ మారలేదు.

నెమ్మదిగా నాయన ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, తువ్వాలు ఆయన ముక్కు కింద పెట్టింది.

“లేన్ నూనెకి వాసన ఉండదు నాయనా. ఇది శుక్రవారం పూజకి ఆటో మెరవాలని నువ్వు పూసే కొబ్బరినూనె. లెయ్, అందరి ముందరా నిలబడి ఒప్పుకో.”