పురుగు ముట్టని కంది

మల్దకల్ దగ్గరి పరిశోధన క్షేత్రంలో స్రవంతి మూడేళ్లుగా కందిగింజల్లో ప్రొటీన్ పెంచే జన్యువు కోసం వెతుకుతోంది. ఆ సాయంత్రం నూట పన్నెండో రకంలో అది దొరికింది. చీకటి పడ్డాక సంతోషంగా గింజల గది తెరిచింది.

మిగతా సంచుల్లో పురుగులు గింజల్ని తొలుస్తున్న సన్నని చప్పుడు వినిపిస్తోంది. ఆ రకం సంచిలో మాత్రం నిశ్శబ్దం. చీమలు కూడా దాన్ని తప్పించుకుని పోతున్నాయి. దాని మూతి విప్పి ఉంది.

స్రవంతి, కూలికి వచ్చే వసంతకు ఫోన్ చేసి సంచి ఎవరు విప్పారని అడిగింది.

"నేనే విప్పిన మేడం. బలమైన గింజ అన్నరు గదా, పిల్లకు జర పప్పు వండిన."

"తిన్నదా?"

"తిని పండుకున్నది. మా కుక్క రోజూ పిల్ల పక్కలనే పంటది. ఇయ్యాల గడప కాడ నిలబడి మూల్గుతున్నది, లోపలికి వస్తలేదు."

"అక్కా, పిల్లను లేపు!"

వసంత కూతుర్ని పిలవడం ఫోన్లో వినిపించింది. మళ్లీ పిలిచింది.