వెనక సీట్లో భయం లేదు

"బ్రేకులు ఎవరో కెలికారు మేస్త్రీ. జాగ్రత్తగా చూడు," అన్నాడు రాకెట్, హెల్మెట్ తీయకుండానే.

మెకానిక్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. "ఎవరో అంటే?"

రాకెట్ షెడ్డు బయటికి ఓసారి చూసి, జేబులోంచి అగ్గిపుల్లంత స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టాడు. పొద్దున బండి కింద దొరికిందది. అతని భార్య గడియారాలు బాగుచేస్తుంది. ఇంట్లో అలాంటివి ఆమె దగ్గరే ఉంటాయి.

"మా ఆవిడ నన్ను చంపాలని చూస్తోందేమో," అన్నాడు.

మెకానిక్ నవ్వలేదు. స్టూలు అతని వైపు జరిపాడు.

ఆసుపత్రుల నుంచి రక్తం శాంపిళ్లు ల్యాబుకు చేర్చడం రాకెట్ పని. ఆ పేరు ల్యాబులో వాళ్లు పెట్టిందే. బండి స్పీడు వంద దాటకపోతే అతనికి ఆ రోజు అన్నం సయించదు. రెండుసార్లు జరిమానా పడ్డాక ల్యాబు వాళ్లు భార్యాభర్తలిద్దర్నీ ఓ కౌన్సిలర్ దగ్గరికి పంపారు.

"మీకు కావాల్సింది వేగం కాదండీ," అన్నాడాయన. "వంద దాటానన్న తృప్తి, వెనకాల కూర్చున్నవాళ్ల భయం. అవి దొరికినంతకాలం మీరు మారరు."

రాకెట్ ఆవలించాడు. భార్య మాత్రం శ్రద్ధగా తలూపింది.

ఆ వారమే ఓ లారీ చక్రం ఆమె మోకాలికి జానెడు దూరంలోంచి పోయింది. ఆమె బండి దిగి, నాలుగు కిలోమీటర్లు నడిచి ఇంటికెళ్లింది. అప్పట్నుంచి మనిషి మారిపోయింది.

ఇదివరకు చొక్కా పట్టుకుని గుంజేది, మెల్లగా వెళ్లమని కాళ్లావేళ్లా పడేది. ఇప్పుడు అన్నం వడ్డిస్తూ, ఇవాళ ఎంత కొట్టారని అడుగుతోంది. తొంభై అంటే పెదవి విరుస్తోంది. మొన్న బీమా కాగితాలు ఎక్కడున్నాయని కూడా అడిగింది.

"ఈ హెల్మెట్ కొత్తదిలా ఉందే," అన్నాడు మెకానిక్.

"అదీ తనే కొంది. మొహమంతా మూసేస్తుంది. గాలి తగలదు, ఇంజను చప్పుడు వినపడదు. ఎంత స్పీడులో ఉన్నా పడక్కుర్చీలో కూర్చున్నట్టుంటుంది."

"చంపాలనుకునే మనిషి హెల్మెట్ ఎందుకు కొంటుందయ్యా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. పైగా వెనకాల ఎక్కి కూర్చుంటోంది. నిన్న తొంభైలో పోతుంటే నా వీపు మీద తల ఆనించి కునుకు తీసింది."

ఇంతకీ బుర్ర పాడైంది ఆమెకా తనకా అన్నది రాకెట్ తేల్చుకోలేకపోతున్నాడు. పెద్దాసుపత్రి నుంచి ల్యాబుకు ఇదివరకు పదకొండు నిమిషాలు పట్టేది. అదే దారి, అదే వంద, ఇప్పుడు పద్దెనిమిది పడుతోంది. చేతి గడియారం మీద అనుమానమొచ్చి భార్యకే ఇచ్చాడు. ఆమె కంటికి భూతద్దం తగిలించుకుని చూసి, గడియారం తప్పేం లేదని తిరిగిచ్చేసింది. ల్యాబులో ఆడపిల్లలు రాకెట్లో గ్యాస్ అయిపోయిందా అని నవ్వుతున్నారు.

మొన్న తొంభై అయిదులో పోతుంటే, కూరగాయల బుట్టలు కట్టుకున్న మోపెడ్ అతన్ని దాటుకుని పోయింది. దాని మీద పళ్లూడిన ముసలాయన.

"నాకు గుండె ఆగినంత పనైంది మేస్త్రీ. ఆ వయసులో ఆ స్పీడేంటి? జనానికి ప్రాణాలంటే లెక్కే లేకుండా పోయింది."

మెకానిక్ పానాల పెట్టె దగ్గరికి లాక్కున్నాడు.

"సాయంత్రం మా వదినగారింటికి వెళ్లాలి," అన్నాడు రాకెట్ గొంతు తగ్గించి. "పెద్ద రోడ్డు. తనే బండి మీద వెళ్దామంది. బ్రేకులు తెగితే ఇద్దరం పోతాం. అవి బాగుంటే, నేను కట్టుకున్నదాన్ని ఇంత మాటన్న వెధవనవుతాను. ఏదో ఒకటి తేల్చు."

మెకానిక్ బండి స్టాండు వేశాడు. ముందు చక్రం విప్పాడు, వెనక చక్రం విప్పాడు, కేబుల్ వేలితో తడుముతూ హ్యాండిల్ దాకా వచ్చాడు. అక్కడ ఆగాడు. వంగి, మీటరు అద్దం అంచున ఉన్న సన్నటి గీతని గోటితో రుద్ది చూశాడు. అన్నీ బిగించాక తన ఫోన్‌ని ట్యాంకు మీద టేపుతో అంటించుకుని బండి బయటికి తీశాడు.

తిరిగొచ్చేసరికి అరగంటైంది. రాకెట్ లేచి నిలబడ్డాడు.

"బ్రేకులు గట్టిగా ఉన్నాయి. పెద్ద రోడ్డు మీద నేనూ నీలాగే ముల్లు వంద దాకా తీసుకెళ్లి చూశాను. బండి దివ్యంగా ఉంది."

"మరి ఆ స్క్రూడ్రైవరు?"

మెకానిక్ దాన్ని తీసి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. "నాదే. మొన్న సర్వీసింగులో నీ బండికి ఇరుక్కుని వచ్చుంటుంది."

రాకెట్ తల దించుకున్నాడు. పాపిష్టి ఆలోచనలు వచ్చాయని తనను తాను తిట్టుకున్నాడు. బండెక్కాక మళ్లీ ఆగాడు.

"మరి మా ఆవిడకి భయం ఎందుకు పోయిందంటావ్?"

"నమ్మకం కుదిరిందేమో. సాయంత్రం నీ వందలోనే తీసుకెళ్లు. ఏం కాదు."

బండి సందు మలుపు తిరిగాక మెకానిక్ ఫోన్‌కున్న టేపు ఊడదీసి, తెర మీద జీపీఎస్ పట్టిన వేగాన్ని ఇంకోసారి చూశాడు.

ముల్లు వంద చూపించినప్పుడు బండి అసలు వేగం అరవై.