ఎనభై నాలుగో స్థానం

రిజిస్టర్ల గది తాళంచెవి అడిగితే హెడ్‌మిస్ట్రెస్ ఆయన చేతికివ్వలేదు. బల్ల మీద పడేసింది.

జిల్లాలో ఎనభై నాలుగు బడులు. ఫలితాల పట్టికలో ఆమె బడిది ఎనభై నాలుగో స్థానం. దాన్ని ఉంచాలో మూసేయాలో తేల్చడానికి ఆఫీసు పంపిన తనిఖీ అధికారి ఆయన.

ఆమె ఆ బడికి వచ్చి ఏడాది కూడా కాలేదు.

మూడు రోజులు ఆయన ఆ గది వదల్లేదు. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే తలుపు మూసుకునేవాడు. పిల్లలు తరగతుల్లోకి వెళ్ళాకే తెరిచేవాడు.

"మన పిల్లల గాలి కూడా సోకకూడదు కాబోలు దొరగారికి!" అంది లెక్కల టీచరు.

"భోజనానికి పిలవమంటారా మేడం?" అటెండరు అడిగాడు.

"మన బడికి తాళం వేయడానికి వచ్చాడయ్యా. మర్యాదలు కూడా చేయాలా?" అంది హెడ్‌మిస్ట్రెస్.

స్టాఫ్‌రూంలో నవ్వులు. పక్క గదిలో ఆయన ఒక్కడే నిలబడి, రెండు బ్రెడ్డు ముక్కలు నీళ్ళతో మింగేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమెను పిలిచాడు.

"పదో తరగతిలో పదిహేడుమంది తప్పారు. అందులో పద్నాలుగుమంది పరీక్షలకి రెండు నెలల ముందు చేరినవాళ్ళే. ఎందుకమ్మా?"

"పట్నంలో నంబర్ వన్ బడి లేదూ? గట్టెక్కరనుకున్న పిల్లల చేతిలో టీసీ పెట్టి బయటికి నెట్టేసింది. వాళ్ళకి నూటికి నూరు శాతం, మాకు ఆఖరి స్థానం."

"మీరెందుకు చేర్చుకున్నారు?"

"గేటు పట్టుకుని ఏడుస్తుంటే పొమ్మనమంటారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇప్పుడేం చేస్తున్నారు వాళ్ళు?"

"రోజూ వస్తున్నారు. మళ్ళీ రాయిస్తున్నాం. ఒకమ్మాయి మాత్రం రావడం లేదు. ఇంటికెళ్ళి పిలిచాను. 'నేను పనికిరానని పాత బడి సార్ చెప్పేశారు మేడం' అని తలుపేసుకుంది."

ఆయన రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు.

"ఇదంతా ఆఫీసుకి రాయలేదా?"

"మూడుసార్లు రాశాను. ఆఖర్న ఉన్నవాళ్ళు నిజం చెప్పినా సాకులాగే వినిపిస్తుందండీ."

సాయంత్రం ఆయన సంచీ భుజాన వేసుకుని ఆమె గుమ్మంలో ఆగాడు.

"వస్తానమ్మా."

ఆమె తలెత్తలేదు. "మీరేం రాస్తారో మాకు తెలుసులెండి."

"నాకు మాత్రం ఇప్పుడే తెలిసింది," అని వెళ్ళిపోయాడు.

గేటు దాకా ఎవరూ వెంట రాలేదు.

నెల తర్వాత కొత్త పట్టిక వచ్చింది. పరీక్షల ముందు బయటికి పంపిన పిల్లల ఫలితం పంపిన బడి ఖాతాలోకే చేరుతుందట. ఆమె బడి ముప్పై ఒకటో స్థానానికి ఎక్కింది. నంబర్ వన్ బడి అరవైకి జారింది.

స్టాఫ్‌రూంలో ఒకటే గోల. ఆమె మాత్రం తన గదిలోకి వెళ్ళి కూర్చుంది. మూడు రోజుల్లో ఆ మనిషిని ఒక్కసారి కూడా 'కూర్చోండి' అనలేదని గుర్తొచ్చింది.

ఆఫీసుకి ఫోన్ చేసింది.

"మా బడికి వచ్చిన తనిఖీ అధికారితో మాట్లాడాలండీ. థాంక్స్ చెప్పాలి."

"ఆయన లేరు మేడం. ఉద్యోగం పోయింది." గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఇల్లు కూడా ఖాళీ చేసేశారు. ఎక్కడికెళ్ళారో ఎవరికీ తెలీదు."

"మా తరఫున రాసినందుకా?"

"మీ తరఫున రాస్తే ఉద్యోగం ఎందుకు పోతుంది మేడం? ఈసారి తనిఖీకి ఫస్టొచ్చిన బడి హెడ్‌మాస్టర్నే పంపాం; ఆ పద్నాలుగు టీసీల మీదా ఉన్న సంతకం తనదేనని ఆయనే రాసిచ్చారు."