రూతు పెళ్లి సీడీ

"అందులో ఏమీ లేదు సార్. ఉత్త సీడీ తెచ్చి ఈయమ్మ మన కండ్లు కప్పాలని సూస్తా ఉండాది" అన్నాడు కుప్పయ్య.

డిప్యూటీ తహసీల్దారు బాలచంద్ర బల్లమీదున్న పాత కంప్యూటర్ వైపే చూస్తున్నాడు. అది సీడీని లోపలికి మింగింది గానీ, తెరమీద ఏమీ కదల్లేదు.

రూతు గోడకు ఆనుకుని నిలబడింది. భర్త మునిరామయ్య పోయాక, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కోసం అర్జీ పెట్టుకుంది. అందులో భార్యగా తన పేరుంటేనే ఉంటున్న ఇల్లు తనకు దక్కుతుంది. భర్త అన్న కుప్పయ్య అడ్డం పడ్డాడు. తమ్ముడు ఈమెను పెళ్లే చేసుకోలేదనీ, ఊరికే కలిసి ఉన్నారనీ ఎదురర్జీ పెట్టాడు.

"పెళ్లి ఫొటోలు లేవామ్మా?" అడిగాడు బాలచంద్ర.

"లేవు సార్. ఆయన స్నేహితుడొకాయన వీడియో తీసి ఈ సీడీ ఇచ్చినాడు. ఆ మనిషి ఇప్పుడు ఏడుండాడో తెలీదు. నాకుండేది ఇదొకటే."

"పెళ్లి చేయించిన అయ్యవారు?"

"ఆయన పోయినాడు సార్."

"ఇది ఆడకపోతే నేనేం చేయలేనమ్మా. సాయంత్రం లోపల నేను రిపోర్టు పంపాల."

అతను కేకేస్తే పక్కగదిలోంచి కంప్యూటర్ ఆపరేటర్ అమల వచ్చింది.

"వేరే సిస్టమ్‌లో వేసి చూడకూడదా?"

"మిగతా వాటికి సీడీ పెట్టే చోటే లేదు సార్. ఇదొక్కటే పాతది. దీంట్లో ఉండేది విండోస్ కాదు, లినక్స్. సూస్తానుండండి."

అమల బటన్ నొక్కింది. సీడీ డ్రైవ్ తలుపు బయటికొచ్చింది. సీడీని చున్నీ కొంగుతో తుడిచి మళ్లీ లోపలికి తోసింది. పచ్చలైటు మిణుకుమంది, ఆరిపోయింది. తెరమీద మాత్రం ఏమీ రాలేదు.

"సూసినారా సార్?" అన్నాడు కుప్పయ్య.

అమల తెరమీద నల్లటి కిటికీ ఒకటి తెరిచి ఏదో టైపు చేసింది. వచ్చిన వరసల్ని పైనుంచి కిందిదాకా చదివింది.

"సార్, సీడీ సంగతి తర్వాత. అసలు డ్రైవ్ ఒకటుండాదని సిస్టమ్‌కే తెలీడం లేదు."

"తలుపు తెరుచుకుంటా ఉంది కదమ్మా?"

"దానికి కరెంటు వైరు వేరే సార్. బొమ్మలు పోయే వైరు వేరే. అది వదులైపోయుంటుంది."

రూతు ఒకడుగు ముందుకొచ్చింది. "అంటే నా సీడీ సెడిపోలేదా పాపా?"

"అది ఇంకా తెలీదక్కా. ఇప్పటిదాకా మాత్రం దాని తప్పేమీ లేదు."

కంప్యూటర్ ఆపి, పక్కరేకు ఊడదీసింది. గుప్పుమని దుమ్ము లేచింది. లోపల ఎర్రటి వైరొకటి కొస ఊడి వేలాడుతోంది. దాన్ని ఒత్తి పెట్టగానే టక్‌మంది. మళ్లీ ఆన్ చేసింది. కాసేపటికి తెరమీద గుండ్రటి సీడీ బొమ్మ వచ్చింది.

"ప్రభువా!" అంది రూతు.

అమల బొమ్మమీద నొక్కింది. తెరవలేకపోతున్నానని డబ్బా ఒకటి ఎగిరొచ్చింది. ఇంకోసారి నొక్కింది. మళ్లీ అదే.

కుప్పయ్య నవ్వాడు. రూతు అక్కడే కింద కూర్చుండిపోయింది.

"ఏ సంవత్సరం పెళ్లక్కా మీది?" అడిగింది అమల.

"రెండువేల అయిదు."

"అట్లయితే ఇది వీసీడీ అయ్యుంటుంది. అప్పట్లో టీవీ కింద పెట్టుకునే ప్లేయర్‌లో ఏస్తా ఉండ్రి, అది. ఫైలు మాదిరి తెరిస్తే ఇందులో రాదు. ఇది వీసీడీ అని వీడియో ప్లేయర్‌కు మనమే సెప్పాల."

ఒక్క వరస టైపు చేసి ఎంటర్ నొక్కింది. డ్రైవ్ గిర్రున తిరిగింది. ఉన్నట్టుండి స్పీకర్లలోంచి నాదస్వరం బద్దలైనట్టు మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు.

తెరమీద చెమటలు కారుతున్న కుర్ర మునిరామయ్య. తాళి ముడి వేస్తున్నాడు. రూతు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి ఆమెకు.

"తాళి కట్టింది కనబడిందమ్మా" అన్నాడు బాలచంద్ర మెత్తగా.

కుప్పయ్య ఊరుకోలేదు. "డ్రామా మాదిరి తీసుకోనుండొచ్చు సార్. అందులో మావోళ్లు ఒక్కరన్నా ఉండారా?"

రూతు లేచి నిలబడింది. "మీరెవురూ రాకపోతిరి కదా బావా! కిరస్తానీ పిల్లని మీరు రాలేదు. హిందువుల పిలగాడని మావోళ్లూ రాలేదు. చంద్రగిరిలో మండపం పట్టి అంతమందికి వండించినాం. అన్నం పారేయలేక ఆయన మెడలో దండతోనే రోడ్డుమీదికి పోయి, హాస్టలు పిల్లోళ్లను పిల్సుకోనొచ్చినాడు."

తెరమీద ఇప్పుడు భోజనాలు. వరసగా కుర్రాళ్లు కూర్చుని తింటున్నారు. వీడియో లైటు మీద పడగానే ఒకడు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వాడి పక్కనున్న బక్కపలచటి వాడు మాత్రం లైటును లెక్కచేయకుండా పాయసం మళ్లీ పొయ్యమని చెయ్యి చాపాడు. మునిరామయ్యే బక్కెట్ పట్టుకుని నవ్వుతూ వడ్డిస్తున్నాడు.

"ఆడ నిలుపమ్మా" అన్నాడు బాలచంద్ర. అమల బొమ్మను ఆపింది.

అధికారికి అనుమానం వచ్చిందనుకుని కుప్పయ్య హుషారయ్యాడు. "అదే సార్ నేనూ సెప్పేది! ఎవురో దోవన పోయే పిల్లోళ్లు. ఆ పెళ్లిలో తిన్నోణ్ణి ఒక్కణ్ణి తెచ్చి మీ ముందర నిలబెట్టమనండి. ఇప్పుడే నా అర్జీ ఎనక్కి తీసుకుంటా."

బాలచంద్ర కుర్చీలోంచి లేచాడు.

"నిలబడినాను, తీసుకోప్పా. రెండోసారి పాయసం అడుగుతా ఉండేది నేనే."