కరవని జాంబీ

"వాడు ఎందుకు కరవడు?"

కన్ఫర్మేషన్ మీటింగులో మేనేజరు ఉదయ్ భాస్కర్ అడిగిన మొదటి ప్రశ్న ఇది.

ఎదురుగా రామాంజనేయులు కూర్చుని ఉన్నాడు. గచ్చిబౌలిలోని ఆ కంపెనీలో టెస్టర్‌గా అతని ప్రొబేషన్ ఇవాళ్టితో పూర్తి. మేనేజరు సరేనంటే ఉద్యోగం పర్మనెంటు. అమ్మానాన్నలకి కూడా ఆరోగ్య బీమా వస్తుంది. నానక్‌రామ్‌గూడలో వాచ్‌మన్‌గా చేసే నాన్న ఎల్లయ్య మోకాలి ఆపరేషన్ దానికోసమే ఆగి ఉంది.

సాఫ్ట్‌వేర్లో ఏయే తప్పులు పట్టుకున్నాడో అన్నీ బట్టీపట్టి వచ్చాడు. అడిగింది చూస్తే జాంబీ గురించి.

తప్పు ఉదయ్ భాస్కర్ ఒక్కడిదే కాదు. 'టవర్ పదమూడు' వచ్చినప్పటి నుంచీ ఆ ఫ్లోరంతా అలాగే ఉంది. సగం కట్టి వదిలేసిన ఓ టవర్లో, హైదరాబాదులోనే తీసిన జాంబీల సీరియల్ అది. బాచుపల్లిలో ఆఫీసు బస్సెక్కినవాళ్ళు గచ్చిబౌలి వచ్చేదాకా ఫోన్లోంచి తలెత్తరు. దిగాక లిఫ్టు దాకా జాంబీల్లాగే నడుస్తారు.

సీజన్ అయిపోయింది. వైరస్ ఎక్కడిది, ఆ టవర్ తాళం ఎవరి దగ్గరుంది, ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. రెండో సీజన్ ఉండదని నిర్మాతలు చేతులెత్తేశారు.

అన్నిటికన్నా పెద్ద చిక్కుముడి కరవని జాంబీ.

గుంపులో వెనకాల ఉంటాడు. ముఖం నిండా పుళ్ళు, నెత్తురు. అందరూ మాంసం మీద పడితే వాడు ముఖం తిప్పుకుంటాడు. అందరికీ బూట్లున్నాయి, వాడికి లేవు. ఒక ఎపిసోడ్లో హీరోయిన్ పరిగెత్తుకుంటూ వచ్చి సరిగ్గా వాడి మీదే పడబోయింది. వాడు గబుక్కున వెనక్కి జరిగి చేతులు జోడించాడు.

ఆ ముక్కని టీమ్‌లోని నీహారిక ఓ రోజు మీటింగ్ రూమ్ పెద్ద తెర మీద ఆపి ఆపి చూపించింది.

"వాడే వ్యాక్సిన్ అండి. మందు వాడి రక్తంలోనే ఉంది," అంది.

"కాదమ్మా. వైరస్ తయారుచేసిన సైంటిస్టే వాడు. ఇప్పుడు పశ్చాత్తాపపడుతున్నాడు," అన్నాడు ఉదయ్ భాస్కర్.

అంతటితో ఆగలేదు. ఆ చెప్పుల్లేని కాళ్ళ మీద గంటసేపు మాట్లాడి వీడియో పెట్టాడు. చాలామంది చూశారు. అమలాపురం నుంచి మామగారు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. పెళ్ళయ్యాక ఆయన అల్లుణ్ణి మెచ్చుకోవడం అదే మొదలు.

ఆ ఫ్లోర్లో ఒక్క ఎపిసోడూ చూడనివాడు రామాంజనేయులు ఒక్కడే. చర్చ మొదలైతే టీ కప్పు పట్టుకుని లేచిపోయేవాడు. తెర మీద జాంబీ కనిపిస్తే తల దించుకునేవాడు.

"అంత భయమైతే ఎలా? మీ ఊళ్ళో దయ్యాల్లేవా?" అని నీహారిక ఆటపట్టించేది.

"ఉన్నయ్ మేడం. గాని గిన్ని మీటింగులు పెట్టవు."

ఇప్పుడు లేచిపోవడానికి లేదు. గది తలుపు వేసి ఉంది.

"నీ పనికి వంక లేదయ్యా," అన్నాడు ఉదయ్ భాస్కర్. "కానీ నోరు విప్పవు. నీకు ఊహ అనేది ఉందో లేదో నాకు తెలియాలి. అది లేనివాడు టెస్టర్‌గా పనికిరాడు. చెప్పు, వాడు ఎందుకు కరవడు?"

"నేను చూడలే సర్."

"ఇంతమంది రోజూ మాట్లాడుకుంటుంటే చెవిన పడలేదా? నీకేమనిపిస్తే అది చెప్పు. నా థియరీ తప్పన్నా నేనేమీ అనుకోను."

ఏమీ అనుకోనన్నవాళ్ళు ఎంత అనుకుంటారో రామాంజనేయులుకి తెలుసు. మేనేజరు ల్యాప్‌టాప్‌లో 'అప్రూవ్' బటన్ ఇంకా అలాగే ఉంది.

"సర్... వాడు కరవలేక కాదు," అన్నాడు మెల్లగా. "కరవొద్దనుకున్నడు. వానికి ఒకటి కావాలె. అది దొరికేదాంక ఎంత ఆకలైనా ఆగుతడు."

ఉదయ్ భాస్కర్ కుర్చీలో ముందుకు జరిగాడు.

"మరి చెప్పులు?"

"కాళ్ళు కాలినా సరే అనుకున్నడు సర్."

"హీరోయిన్‌కి ఆ దణ్ణం ఏంటి?"

"అమ్మలెక్క కనిపించిందేమో."

ఉదయ్ భాస్కర్ పెన్ను అందుకున్నాడు.

"సైంటిస్టు వాళ్ళమ్మ," అన్నాడు నెమ్మదిగా. "వాళ్ళమ్మని బతికించుకోవడం కోసం వైరస్ తయారుచేశాడు. అంటే నా థియరీ కరెక్టేనన్నమాట. ఇన్నాళ్ళూ ఈ బుర్రని ఎక్కడ దాచావయ్యా?"

రామాంజనేయులు కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

రెండో వీడియోకి ఆ పాయింటు రాసుకున్నాక ఉదయ్ భాస్కర్ 'అప్రూవ్' నొక్కాడు. చెయ్యి కలిపాడు.

"ఏమైనా ఆ జాంబీని అలా నిలబెట్టినవాడు మామూలోడు కాదు," అన్నాడు. "అంత లోతైన మనిషి ఒక్కడు నా టీమ్‌లో ఉంటే, ఇంకేం కావాలి చెప్పు?"

"థాంక్యూ సర్," అన్నాడు రామాంజనేయులు.

కిందికి వచ్చి, షేర్ ఆటో కోసం నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. అమ్మ కనకమ్మ ఎత్తింది. ఉద్యోగం పక్కా అయిందని చెప్పాడు. నాన్నని ఇగ దవాఖానకి తీసుకుపోవచ్చన్నాడు. అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"నాకెర్కనే బిడ్డా," అంది కనకమ్మ, "నౌకరి రావాలెనని అయ్యప్ప మాలేసుకొని, గా మాల మీదనే కూలికి పోయి దయ్యాల సీరియల్ల వేషం కట్టి, నోట్లె మటన్ ముక్క పెట్టుకోమంటే మొఖం తిప్పుకున్నోనివి, నిన్ను స్వామి ఊకె ఇడిసిపెడ్తడా?"