ఏడో అద్దం

"మీరు సంతకం పెడితే మావోళ్లు సామాను సదురుకుంటరు మేడమ్," అంటూ విద్యాధర్ కాగితాన్ని నిర్మలాదేవి ముందుకు జరిపాడు.

హుజూరాబాద్ బస్టాండు వెనక, రెండో అంతస్తులో ఉంది ఆ కుట్టు కేంద్రం. ముప్పై మంది ఆడవాళ్లు బడిపిల్లల యూనిఫాంలు కుడతారు. నిర్మలాదేవి దానికి అధ్యక్షురాలు. పడమటి గోడ మొత్తం అద్దాలే. పన్నెండు. హైదరాబాద్‌లో ఎక్కడో చూసొచ్చి కట్టించారు. ఇక్కడి ఎండ ఎట్లుంటుందో ఇక్కడివాళ్లను ఎవరూ అడగలేదు.

పోయిన మే నెలలో, తొమ్మిదో అద్దం దగ్గర కుట్టే కిష్టవ్వ మిషను మీదనే సోయి తప్పి పడిపోయింది. సూది వేలిలో దిగింది. నాలుగు కూలర్లు పొద్దంతా తిరిగేవి. కరెంటు కాలేది. గాలి మాత్రం పొయ్యి మీంచి వచ్చినట్టు వచ్చేది. ఇంకో ఎండాకాలం అక్కడ కూర్చుంటే తను లేవనని కిష్టవ్వ చెప్పింది. మిషను జరపడానికి వేరే చోటు లేదు. మానేస్తే ఇల్లు గడవదు. అందుకే ఈసారి శివరాత్రి దాటగానే అద్దాలకు వేడి ఆపే ఫిల్మ్ వేయించాలనుకున్నారు.

విద్యాధర్‌ది కరీంనగర్. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. పని ఒప్పుకున్న రోజు ఒక వేడి లైటు, ఫిల్మ్ వేసిన ఒక అద్దం ముక్క తెచ్చాడు. అద్దం వెనక నిర్మలాదేవి చెయ్యి పెట్టించి లైటు వేశాడు. నిజంగానే సెగ తగల్లేదు. కరెంటు సగం మిగులుతుందన్నాడు. మాట్లాడినంతసేపూ ఆ ముప్పై మంది వైపు ఒక్కసారైనా తల తిప్పలేదు.

ఈ రోజు పొద్దున పని మొదలైంది. దుమ్ము లేస్తే ఫిల్మ్ పాడవుతుందని చెప్పి అందరినీ కిందికి పంపించాడు. పని మేస్త్రీ కరుణాకర్‌కు అప్పజెప్పి, తనూ వెళ్లిపోయాడు. కిష్టవ్వ భర్త రాజయ్య ఒక్కడే మూలన కుర్చీలో మిగిలాడు. ఆయనను కిందికి తీసుకుపోతానని కిష్టవ్వ వచ్చింది. వద్దన్నాడు కరుణాకర్. ముసలాయనను మెట్లు దింపి మళ్లీ ఎక్కించడం ఎందుకు, ఆయనతో తమకేం అడ్డం లేదన్నాడు.

రాజయ్య రోజూ కిష్టవ్వ వెంటే వస్తాడు. కుట్టిన చొక్కాలు మడతపెట్టడం ఆయన పని. మాట తక్కువ. కుట్టు వంకరపోయిన చొక్కా చేతికొస్తే మాత్రం, బర్రెకు తొడగమని విసిరేస్తాడు.

ఫిల్మ్‌ను అద్దానికి రుద్దే చప్పుడు మధ్యాహ్నానికి ఆగింది. పని అయిపోయిందన్నారు. ఆడవాళ్లు మిషన్ల మీదికొచ్చారు. నాలుగింటికి విద్యాధర్ తిరిగొచ్చాడు.

నిర్మలాదేవి కళ్లజోడు సర్దుకుని అద్దాలను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. ఏమీ వేసినట్టే లేదంది.

"కనబడకపోవుడే దీని గొప్పతనం మేడమ్. కనబడేదైతే లారీలకేస్తరు."

ఆమె పెన్ను మూత తీసింది.

"ఏడో అద్దం నుంచి ఏం వెయ్యలే," అన్నాడు మూలనుంచి రాజయ్య.

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

విద్యాధర్ అప్పుడు వెనక్కి తిరిగాడు. నల్ల కళ్లద్దాలు, మాసిన ధోతి, ఒళ్లో సగం మడిచిన చొక్కా. ఏ కంటి ఆపరేషన్ క్యాంపుకో పోయొచ్చిన ముసలోడనుకున్నాడు. నవ్వాడు.

"ఏం చేస్తవ్ తాతా నువ్వు?"

"చొక్కాలు మడతపెడ్త."

"మరి గదే చెయ్యి. గిది నీ తెలివికి అందేది కాదు."

రాజయ్య చొక్కా మడత పూర్తి చేశాడు. కిష్టవ్వకు అందించాడు. లేచాడు. మిషన్ల అంచులు పట్టుకుంటూ మొదటి అద్దం దగ్గరికి నడిచాడు. పొద్దు వాలి ఎండ సూటిగా లోపలికొస్తోంది. పుచ్చు వంకాయలు బేరమాడేవాడి మొహం పెట్టుకుని, ఒక్కో అద్దం ముందు చెంపకు ఎండ తగిలేలా ఒక్క ఊపిరి సేపు నిలబడ్డాడు.

ఆరు అద్దాల దాకా ఉన్నదన్నాడు. ఏడో దాని దగ్గర లేదన్నాడు. ఎనిమిది, తొమ్మిది, పది. పన్నెండో అద్దం దాకా అదే మాట.

"గీయన మాట పట్టుకుంటరా మేడమ్? గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన," అన్నాడు విద్యాధర్.

కిష్టవ్వ తల దించుకుంది. రాజయ్య మాత్రం అతని వైపు తిరగనైనా లేదు.

"గోరుతోని గీకి చూడుండ్రి దొరసానీ. గంధమైతే గోరుకంటుతది."

నిర్మలాదేవి లేచింది. ఆరో అద్దం మూల గీకింది. ఉల్లిపొర లాంటిది లేచి గోరు కింద ఇరుక్కుంది. ఏడో అద్దం గీకింది. గోరు జర్రున జారి చట్రానికి కొట్టుకుంది. ఎనిమిదిలోనూ అంతే. కిష్టవ్వ మిషను పక్కన తొమ్మిదిలోనూ అంతే.

ఆమె తిరిగొచ్చి పెన్నుకు మూత పెట్టింది. కాగితం వెనక్కి తోసింది.

"రేపు పొద్దుగాల మిగిలిన ఆరు వెయ్యిండ్రి. నేను ఇక్కడనే కుర్చీ వేసుకోని కూసుంట. ఆ తర్వాతనే సంతకం."

కిష్టవ్వ మిషను మళ్లీ నడిచింది. వెంట మిగతావీ నడిచాయి. రాజయ్య కుర్చీలో కూర్చుని ఇంకో చొక్కా కోసం చెయ్యి చాచాడు.

విద్యాధర్ మెట్లు దిగాడు. కింద బండి దగ్గర కరుణాకర్ మిగిలిన ఫిల్మ్ చుట్టను భుజాన పెట్టుకుని ఉన్నాడు. విద్యాధర్ అతని మీద పడ్డాడు.

"ఎవ్వరు లేనప్పుడు ఆరు ఎగ్గొట్టమంటిని గదరా. గా ముసలోడు పొద్దంత ఎదురుంగ కూసోని చూస్తుంటే ఎట్ల ఇడిచిపెట్టినవ్?"

కరుణాకర్ చుట్టను కిందికి దించి, అర్థం కానట్టు అతని మొహంలోకి చూసి, "గాయినకు రెండు కండ్లు కనబడయ్ సార్, గందుకే లోపల ఉండనిచ్చిన," అన్నాడు.