పది గంటల హాజరు

“వెలిగిందక్కా! ఎర్ర దీపం వెలిగింది!”

పెనుకొండ కొండ మలుపులో నిలిపిన పాత ఆల్టోలో గిరి కూర్చున్న చోటే ఎగిరాడు. తల పైకప్పుకు కొట్టుకున్నా పట్టించుకోలేదు. మైకు కింద పడకుండా రెండు సీట్ల సందులో గట్టిగా ఇరికించి, అక్క ఆదిలక్ష్మి బ్యాటరీ దగ్గర వైర్లు బిగించగానే రేడియో సెట్టు మీట నొక్కాడు. అంతే, దీపం వెలిగింది.

“వెలగకుండా యాడికి పోతాదిరా, వైరింగు నాది” అంటూ ఆదిలక్ష్మి బానెట్ మూసి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. హిందూపురంలో బోరు మోటార్లకు వైండింగు చేసే మనిషికి ఇదొక పనే కాదు.

గిరి డ్రిప్పు పైపుల కంపెనీలో పనిచేస్తాడు. సొంత సెట్టుతో దూరంలో ఉన్నవాళ్ళతో మాట్లాడుకునే అమెచ్యూర్ రేడియో అతని సరదా, దానికి లైసెన్సు కూడా ఉంది. ఈ సెకండ్ హ్యాండ్ సెట్టు బెంగళూరు నుంచి వచ్చి నాలుగు రోజులైంది. నిన్న దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించి, పాత ఓనరు చానళ్ళన్నీ చెరిపేసి తనవి ఎక్కించాడు.

“మూడు నిమిషాలు దాటితే మాటను తెగ్గొట్టే ఏర్పాటొకటి ఉండెనక్కా ఇందులో. దాన్నీ తీసేసినా.”

“ఎందుకురా?”

“నేను చెప్పాల్సింది మూడు నిమిషాల్లో అయ్యేదా?”

చెప్పాల్సింది ధర్మవరం భవానికి. రోజూ పొద్దున పది గంటలకు ఈ చుట్టుపక్కల రేడియోవాళ్ళంతా ఒకే చానల్లో హాజరు పలుకుతారు. ఆ గొంతు కోసం గిరి ఏడాదిగా పదింటికి పనులన్నీ ఆపుతున్నాడు. అతని చేతిసెట్టులో ఆమె మాట చక్కగా వినిపించేది. అతని మాట మాత్రం అక్కడికి చేరేసరికి గరగర అయ్యేది. “గిరి గారూ, సరిగా అందలేదు” అనేది ఆమె. సోమవారం ఆమె విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరుతోంది. అంత దూరం ఈ సెట్లు అందవు. హాజరుకు ఆమె వచ్చేది ఈరోజే ఆఖరు.

“ఫోన్ నంబరు అడిగింటే అయిపోయేది కదరా” అంది ఆదిలక్ష్మి.

“నలభై మంది వింటాంటారక్కా! అందరి ముందర ఎట్లడిగేది? సిగ్గు కాదా? హాజరు కాగానే, రెండు నిమిషాలు పక్క చానలుకు వస్తారా అంటా. ఆడ ఎవరూ ఉండరు.”

“హాజరు పిలిచేదెవరు?”

“ఆంజనేయులు సారు, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన పేర్లు పిలిచి ముగించేలోపల విత్తిన చెనిక్కాయ పీకేదానికొస్తాది.”

ఆదిలక్ష్మి పకపకా నవ్వింది. “ఇంతకీ దీంట్లో మాట్లాడేదెట్ల?”

“మైకు బొత్తాం నొక్కితే మనది పోతాది, వదిలితే వాళ్ళది వస్తాది. నొక్కినంతసేపు మనకేమీ ఇనపడదు. ముగించేటప్పుడు ‘ఓవర్’ అనల్ల.”

“మీ బావకొకటి కొనియ్యల్ల. ఆయనకు వదిలేదే తెలీదు.” ఆమె గడియారం చూసుకుంది. “ఇంకా ఇరవై నిమిషాలుండాది. ఏదీ, నన్నే భవాని అనుకో. చెప్పు.”

గిరి గొంతు సవరించుకున్నాడు. “నమస్తే అండీ. సిగ్నల్ ఎట్లుండాదండీ?”

“అది ఆ సారునడుగు. నాకు చెప్పేది చెప్పు.”

గిరి స్టీరింగు పట్టుకుని రోడ్డు వైపు తిరిగాడు. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి.

“భవాని గారూ, పోయిన వానాకాలం చిత్రావతి పొంగి దోవ తెగినప్పుడు నేను అవతలి గట్టున చిక్కుకుంటి. ఫోన్లు లేవు. ఆ గరగరలోనే నా మాట పట్టుకొని మా ఇంటికి కబురు చెప్పినారు మీరు. నాలుగ్గంటలు, పది నిమిషాలకొకసారి ‘ఉండారా?’ అని అడిగినారు. అప్పట్నుంచి మీరు అట్ల అడిగితే బాగుండునని రోజూ అనిపిస్తాది. మీరంటే నాకు చానా ఇష్టం. మిమ్మల్ని పెండ్లి చేసుకోవల్లని ఉండాది. మీకు ఇష్టం లేకుంటే ఊరికే ‘సరిగా అందలేదు’ అనండి. నేను అర్థం చేసుకుంటా.”

ఆదిలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. “నువ్విన్ని మాటలు యాడ నేర్చినావురా? అచ్చం ఇట్లనే చెప్పు.” తమ్ముడి భుజం తట్టబోయి సెట్టుకు చెయ్యి తగిలించుకుంది. “అబ్బా! పెనం మాదిరి కాలుతాండాది. ఊరికే వినే డబ్బాకు ఇంత కరెంటెందుకురా?”

“పాత సెట్టు కదక్కా” అన్నాడు గిరి. అతని ధ్యాసంతా గడియారం మీదే ఉంది.

పది అయింది. సెట్టు పలకలేదు. పదీ అయిదు. గిరి సౌండు పూర్తిగా పెంచాడు. కిందికి దిగి పైకప్పు మీది ఏంటెన్నాను అటు జరిపాడు, ఇటు జరిపాడు. తెర మీద చానల్ నంబరు సరిగ్గానే ఉంది. నిమిషం తప్పని ఆంజనేయులు సారు గొంతు కూడా లేదు. పదీ ఇరవై అయ్యేసరికి గిరి ఏంటెన్నాను వదిలేసి వచ్చి సీట్లో కూలబడ్డాడు.

“మోసపోతినక్కా. మంచి సెట్టని అంటగట్టినారు. ఈపాటికి ఆమె అందరికీ చెప్పి పోయింటాది.” అతను స్టీరింగు మీద తల వాల్చేశాడు.

“ఏడవద్దురా. మనకు ఇనపడకున్నా మన మాట పోతాదేమో, ఎవరికి తెలుసు? ఒకసారి పలుకు” అంటూ ఆదిలక్ష్మి సందులో చెయ్యి పెట్టి మైకును బలంగా లాగింది. బొత్తాం టక్కుమని పైకి లేచింది. ఎర్ర దీపం ఆరి పచ్చ దీపం వెలిగింది. సెట్టు ఒక్కసారి గరగరమని, ఆడగొంతుతో పలికింది.

“గిరి గారూ, పక్క చానలెందుకు, అంతా స్పష్టంగా అందింది, ఓవర్.”